తోలే కుక్క, కాచే కుక్క

గొర్రెల కుక్క అనగానే చదువుకొన్నవారి మనస్సులో మెదిలేది ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల బోర్డర్ కోలీ. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతంలో కురుమల మంద వెంట నడిచే కుక్కను మాత్రం వట్టి ఊరకుక్క అని తీసిపారవేస్తారు. ఇది న్యాయమైన తీర్పు కాదు. రెండూ గొర్రెలను నమ్ముకొని బ్రతికినవే. వాటి కొలువులు మాత్రం వేరు.

కోలీ తోలే కుక్క. అది ఒదిగి నడచి, చూపు నిలిపి, మొరగకుండా మందను త్రిప్పుతుంది. కాపరి ఈలయే దానికి ఆజ్ఞ. ఇట్టి కుక్కలకు 1873లోనే వేల్సులోని బాలాలో పోటీలు పెట్టినారు. నేటి ఈ జాతికి వంశకర్తగా ఎన్నదగిన 'ఓల్డ్ హెంప్' 1893లో నార్తంబర్లండులో ఆడం టెల్ఫర్ అను కాపరి వద్ద పుట్టినది. 1906లో అంతర్జాతీయ గొర్రెల కుక్కల సంఘం ఏర్పడినది.

ఈ విద్య అక్కడనే ఏల పెరిగినది? ఆ కొండలపై గొర్రెలు కాపరి కనుచూపుకు దూరంగా చెదిరి మేస్తాయి. ఉన్ని కత్తిరించవలెనన్నా, అమ్మవలెనన్నా వాటిని ప్రోగుచేయాలి. పైగా బ్రిటనులో తోడేళ్లు కొన్ని శతాబ్దాల క్రితమే అంతరించినవి. కాపలా భారం తొలగిన కుక్కకు తోలే పని దక్కినది.

మన దక్కనులో తోడేలు అంతరించలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కూడా కల్పించినది. ఇక్కడి నల్లగొర్రెలు పగలంతా కాపరి కనుసన్నలలోనే మేస్తాయి. ముందు ఒకడు నడచి పిలిస్తే వెంట వస్తాయి. వెనుక మరొకడు అదిలిస్తాడు. తోలే కుక్క అక్కరలేదు. రాత్రి మందను రైతు చేనులో నిలుపుతారు. ఆ ఎరువుకు రైతు ధాన్యమో, డబ్బో ఇస్తాడు. కాపరి గొంగడి కప్పుకొని కన్ను మూసినపుడు, చెవి నిక్కించి మేల్కొని ఉండేది కుక్కయే. అక్కడ మొరుగుట లోపం. ఇక్కడ అదే విద్య.

1908 మూసీ వరదల తరువాత 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తి అయినవి. ఆ రెండింటి ఎగువనున్న ఈ భూములలో నేడు తోటల చుట్టూ ప్రహరీగోడలు లేచినవి. మంద నిలిచే చేను తగ్గినకొలదీ కుక్కకు కొలువు తగ్గుతుంది. హెంప్ వంశం పుస్తకాల కెక్కినది. మన మందకుక్క వంశం ఏ పుస్తకంలోను లేదు. కాపరుల జ్ఞాపకంలోనే ఉన్నది. ఆ కాపరులను అడిగి వ్రాసి పెట్టవలసిన పని మనది.