గడ్డి విత్తనానికీ నిద్రావస్థ.. మొలవకుంటే నకిలీ అనుకోరాదు

మేత కోసం చల్లిన గడ్డి విత్తనం నేలలో పదును ఉన్నా మొలవకపోతే అది నకిలీదని రైతులు భావించడం సహజం. అయితే ఆ గింజ బతికే ఉండి నిద్రావస్థలో ఉండవచ్చు. అనంతపురం వంటి వర్షాభావ ప్రాంతాల బీళ్లకు అనువైన అంజన్ గడ్డిలోనూ, నీటి వసతి కింద పెంచే గినీ గడ్డిలోనూ ఈ లక్షణం అధికం.

ఎందుకు మొలవదు?

తేమ, గాలి, తగినంత వేడి ఉన్నప్పటికీ సజీవమైన విత్తనం మొలకెత్తకపోవడాన్నే నిద్రావస్థ అంటారు. గింజను కప్పి ఉండే పొట్టు, పక్వానికి రాని పిండం ఇందుకు కారణాలు. వానాకాలం చివర రాలిన గింజ వెంటనే మొలిస్తే ఆపై వచ్చే ఎండలకు మాడిపోతుంది. మరుసటి తొలకరి వరకు ఆగేందుకు ప్రకృతి కల్పించిన రక్షణ ఇది. ఈ రక్షణ అంతగా లేని గుత్తి రకం వేరుశనగ, కోత వేళ వాన పడితే నేలలోనే మొలకెత్తడం రైతులకు అనుభవమే.

నిల్వే విరుగుడు

తాజా అంజన్ గింజలను పొడి చోట ఆరు నెలల నుంచి ఏడాది వరకు నిల్వ చేస్తే నిద్రావస్థ చాలా వరకు తొలగుతుంది. గినీ గింజలకూ కొన్ని నెలల నిల్వ అవసరం. విత్తన పరీక్ష కేంద్రాల్లో నిద్రావస్థను తొలగించేందుకు పొటాషియం నైట్రేట్ ద్రావణం వాడతారు. పప్పుజాతి మేత అయిన స్టైలోకు చేసే వేడినీటి శుద్ధి వీటికి వర్తించదు. నీరు ఇంకనివ్వని గట్టి పెంకును మెత్తబరచడానికే ఆ పద్ధతి ఉద్దేశించినది.

ఇంటి వద్దే పరీక్ష

పొట్టు తీసిన గింజలు 50, తీయనివి 50 తీసుకుని తడి గుడ్డలో వేర్వేరుగా ఉంచాలి. పొట్టు తీసేటప్పుడే తాలు ఎంతో తెలిసిపోతుంది. గుడ్డ ఆరిపోకుండా చూస్తూ రెండు వారాలు గమనించాలి. పొట్టు తీసినవే అధికంగా మొలిస్తే విత్తనం నిద్రావస్థలో ఉన్నట్లు. మొలవకున్నా గట్టిగా ఉన్నవి బతికి ఉండవచ్చు. మెత్తబడి కుళ్లినవి చచ్చినట్లే.

విత్తేటప్పుడు తేలికైన ఈ గింజలను తడి ఇసుకతో కలిపి, సెంటీమీటరుకు మించని లోతులో పడేలా చల్లుకోవాలి. తొలకరికి నెల ముందే పరీక్ష ముగిస్తే మంచి విత్తనాన్ని పారవేయడం, చచ్చిన విత్తనంతో వాన అదను పోగొట్టుకోవడం రెండూ తప్పుతాయి.