ఊబిలో వాలిన విమానము, దాని ప్రతిరూపము

ఐర్లండు దేశపు పడమటి అంచున క్లిఫ్డెన్ అను చిన్న పట్టణము కలదు. దాని చేరువ ఊబినేలలో మార్కొనీ వారి వైర్‌లెస్ కేంద్రమొకటి 1907 నుండి అట్లాంటిక్ సముద్రమున కావలి యొడ్డునకు వార్తలు పంపుచుండెడిది. 1919 జూన్ 15, ఆదివారము ఉదయము ఎనిమిదిన్నర దాటిన పిదప, ఆ కేంద్రపు ఉద్యోగులు ఒక పెద్ద విమానము తమ స్తంభములపై తిరుగుచుండుట చూచిరి. అది దిగబోవు తావు పైనుండి చూచువారికి పచ్చిక బయలు, నిజమునకు ఊబి. వలదు వలదని వారు చేతులూపిరి. పైనున్న ఇరువురును అది స్వాగతమని తలంచి తామును చేతులూపిరి. రేడియో వృత్తిలో నున్న మాకు ఈ ఘట్టము తలంపునకు వచ్చినప్పుడెల్ల మొదట నవ్వును, వెంటనే జంకును కలుగును. పంపిన మాట ఒకటి, అందిన మాట వేరొకటి యగుట మాకు తెలియనిది కాదు.

ఆ ఇరువురు జాన్ ఆల్కాక్, ఆర్థర్ విట్టెన్ బ్రౌన్. వారు ఎక్కినది వికర్స్ కంపెనీవారి విమీ విమానము. ఒకదానిపై నొకటిగా రెండంతస్తుల రెక్కలు, రెండు రోల్స్ రాయిస్ ఇంజనులు, కొయ్యచట్రము, పైన గుడ్డ. ముందునాడు న్యూఫౌండ్లాండులోని సెయింట్ జాన్స్‌లో 865 గాలనుల పెట్రోలుతో లేచి, పొగమంచులో సుమారు 1,890 మైళ్లు 16 గంటలలో దాటిరి. బయలుదేరిన కొంతసేపటికే వారి వైర్‌లెస్ యంత్రము మూగవోయెను. దారి పొడుగున ఒక్క మాటయైన పంపలేనివారు తుదకు వచ్చి వైర్‌లెస్ కేంద్రపు వాకిటనే వాలిరి!

చక్రములు నేల నంటి, పరుగు సాగి, బురదలో కూరుకొనెను. అట్టి విమానములకు పెద్దచక్రములు ముందుభాగమున నుండును. వెనుక తోక నేలపై ఆనును. చక్రములు చటుక్కున ఆగినచో బరువంతయు ముందునకు తూగును. ఎడ్లను విప్పిన బండి కాడి నేలకు వాలినట్లు, విమీ తోక పైకెత్తి ముక్కు ఊబిలో గ్రుచ్చుకొనెను. ఇరువురికిని దెబ్బలు తగులలేదు. ఎక్కడా ఆగక అట్లాంటిక్‌ను విమానములో దాటిన మొదటివారు ఈ విధముగా దిగిరి.

అదే సంవత్సరము నవంబరులో రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు, ఇరువురు మెకానిక్కులతో మరియొక విమీలో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు బయలుదేరిరి. మన ఢిల్లీ, అలహాబాదు, కలకత్తాల మీదుగా సాగి జావా ద్వీపమున సురబాయాలో దిగగా, పైకి గట్టిగా కనబడిన నేల లోపల బురదయే! ఊరివారు వెదురు చాపలు తెచ్చి పరచగా, విమానము ఆ చాపలపై పరుగెత్తి లేచెను. చరిత్రలో ఆ చాపలకు దక్కవలసినంత పేరు దక్కలేదని మా అభిప్రాయము.

ఆ ప్రయాణమును మరల చేయుటకై అమెరికా వాడగు పీటర్ మెక్‌మిలన్, ఆస్ట్రేలియా వాడగు లాంగ్ కిడ్బీ విమీకి సరిసమానమైన కొలతలతో ప్రతిరూపమును నిర్మింపజేసి 1994లో ఎగిరిరి. ఇంజనులు మాత్రము పాతవి కావు. షెవ్రొలే మోటారు ఇంజనులు. చిత్రమేమనగా, దారిలో సుమత్రా ద్వీపముపై చెడినది ఆ కొత్త ఇంజనే. విమానమును బలవంతముగా దింపవలసివచ్చెను. రోల్స్ రాయిస్ పాత ఇంజనులు స్మిత్ సోదరులను గమ్యము చేర్చినవి. కొత్తవి ఇక్కడ మొరాయించినవి. పాతది బలహీనమని, కొత్తది నమ్మదగినదని మనకు గల తలంపు అన్ని వేళల నిలువదు. ఇంజను మార్చి వారు ఆస్ట్రేలియా చేరిరి.

ఆ ప్రతిరూపమే 2005 జూలైలో అట్లాంటిక్‌ను దాటెను. నడిపినవాడు స్టీవ్ ఫాసెట్. దారి చూపినవాడు మార్క్ రెబ్‌హోల్జ్. బ్రౌను వలెనే ఇతడును సెక్స్టెంటుతో సూర్యుని ఎత్తు కొలిచి దారి గుర్తించెను. 18 గంటలకు పైగా పట్టెను. అనగా ఆల్కాకు కంటె ఆలస్యమే. అయిననేమి, దిగు సమయమున వారు ఊబి జోలికి పోక, క్లిఫ్డెన్‌కు చేరువనున్న గాల్ఫు మైదానపు పచ్చికపై వాలిరి. ప్రతిరూపమన్నంత మాత్రాన ముక్కు గ్రుచ్చుకొనుట కూడ అనుకరింపవలెనా? వలదనియే మా మాట. నేలను ముందుగా ఎరిగి దిగుట ఒక్కటే వారికి గల అసలైన సౌకర్యము. ఆల్కాకునకు అది లేకుండెను.

ఆల్కాకు ఆ జయము పిదప ఎక్కువ కాలము బ్రతుకలేదు. 1919 డిసెంబరు 18న ప్యారిసు విమాన ప్రదర్శనకు పోవుచు, ఫ్రాన్సులో రూయెన్ నగర ప్రాంతమున పొగమంచులో దిగబోయి, విమానము కూలి మరణించెను. అప్పటికాతనికి 27 ఏండ్లు.

అతని విమీ బాగుచేయబడి లండను సైన్సు మ్యూజియమునకు చేరెను. ప్రతిరూపము 2009తో ఎగురుట చాలించి, ఇంగ్లండులోని బ్రూక్లండ్స్ మ్యూజియమునకు పోయెను. క్లిఫ్డెన్ వైర్‌లెస్ కేంద్రము 1922లో అంతర్యుద్ధమున ధ్వంసమయ్యెను. ఆ ఊబిలో నేడు దాని పునాదులును, వాటికి కొంత దూరమున విమానము వాలినదానికి గుర్తుగా కట్టిన తెల్లని రాతికట్టడమును కనబడును.