కమాను పట్టీ కత్తి

1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే జమ్మలమడుగు దగ్గరి గండికోటకు వచ్చాడు. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు ముత్యాలు చూపించడం అతని పని. అయితే మన ఉక్కు గొప్పతనం కూడా అతనికి తెలుసు. పర్షియాలో నీటి చారలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ సీమదేనని తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు.

ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు నిజామాబాదు సీమలోని కోనసముద్రం దాకా వచ్చేవారు. 1820 ప్రాంతంలో ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ అక్కడ వాళ్లను చూశాడు. తమ దేశంలో అలాంటి ఉక్కు చేయబోయి కుదరలేదని వాళ్లే అతనితో ఒప్పుకున్నారు. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, ఒక పగలూ రాత్రీ కాచి, నెమ్మదిగా చల్లార్చితే వచ్చే ఉక్కు అది. పరదేశి మన ఊళ్లకొచ్చి ఇనుప సరుకు కొనుక్కుపోయిన రోజులవి. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు ఉక్కు చవగ్గా దిగింది, బొగ్గు కరువైంది, మూసలు మూలపడ్డాయి.

కమ్మరి కొలిమి మాత్రం ఆరలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో మాంసం కొట్టే కత్తికి ఇప్పుడు ముడిసరుకు పాత లారీ కమాను పట్టీ. గతిలేక వాడుతున్నారని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మూస ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. నునుపైన అంచుకు అది మేలే గానీ, పొట్టేలు తొడ ఎముక మీద పడితే పెచ్చు లేచిపోతుంది. కమాను పట్టీలో ఉండేది దాదాపు 0.6 శాతం. గుంతల దారిలో లోడు మోసిన ఉక్కు కాబట్టి దెబ్బకు ఓర్చుకుంటుంది.

అసలు పనితనం పదును పెట్టడంలో ఉంది. దాగలి మీద సాగగొట్టిన కత్తిని మళ్లీ ఎర్రగా కాల్చి, అంచు వరకే నీళ్లలో ముంచుతారు. వెన్ను ఇంకా ఎర్రగానే ఉంటుంది. బయటికి తీసి అంచును గీకి తెల్లబరిస్తే, వెన్నులోని వేడి మెల్లగా అంచుకు దిగుతుంది. అక్కడ లేత పసుపు తేలిన క్షణాన కత్తంతా ముంచేయాలి. కొంచెం ఆలస్యమైతే అంచు మెత్తబడుతుంది, తొందరపడితే పెళుసవుతుంది. కొలతకు కమ్మరి కన్ను తప్ప మరో సాధనం లేదు.

పారేసిన ఉక్కుతో కత్తి చేసే తీరు మన ఒక్కరిదే కాదు. 1958లో తైవాన్ ఏలుబడిలోని కిన్మెన్ దీవి మీద చైనా 44 రోజుల్లో నాలుగు లక్షలకు పైగా ఫిరంగి గుండ్లు కురిపించింది. ఆ గుండ్ల ఉక్కునే అక్కడి కమ్మరులు వంట కత్తులుగా మార్చారు. ఒక్కో గుండు అరవై కత్తుల దాకా ఇస్తుంది. దీవికొచ్చిన యాత్రికులు వాటిని అడిగి మరీ కొంటారు.

మన కత్తికి ఆ పేరు లేదు గానీ, బలంలో తక్కువేమీ కాదు. కొనేటప్పుడు వెన్ను వైపు నుంచి చూడండి, వంకర ఉండకూడదు. పిడిలో కత్తి తోక కదలకూడదు. విమానంలో కువైట్‌కు పట్టుకెళ్లేవాళ్లు గుడ్డ చుట్టి చెకిన్ సామానులోనే పెట్టాలి, చేతిసంచిలో రానివ్వరు. ఈ ఉక్కు తుప్పు పడుతుంది. మాంసం కొట్టగానే కడిగి, తుడిచి, చుక్క నూనె రాసి పెట్టుకోండి.