వదులైన కప్లింగు : పందెపు కారు నేర్పే పాఠము

హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే దారిలో పహాడీ షరీఫ్ గుట్ట ఉన్నది. గుట్టమీద బాబా షర్ఫుద్దీన్ దర్గా కలదు. అక్కడికి కొద్ది దూరంలోనే 2008లో తెరచిన శంషాబాదు విమానాశ్రయం. ఈ దారిన రాత్రింబవళ్లు లారీలు తిరుగుతూనే ఉంటవి. మరమ్మతు షెడ్డులో నిలిపిన లారీ అడుగుభాగమును ఒకసారి పరిశీలించండి. ఇంజను వైపునుండి వెనుక ఇరుసుదాకా పోయే పొడుగాటి గొట్టం కనబడుతుంది. అదే డ్రైవ్ షాఫ్టు. దాని కొనలను ఇతర భాగాలతో కలిపే కూడికను కప్లింగు అంటారు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా ఈ పందెంలో పరుగెత్తిన విద్యుత్ కార్లకైనా, ఇంజనీరింగు విద్యార్థులు స్వయంగా కట్టుకొనే చిన్న పందెపు కారుకైనా ఇటువంటి కూడికలు లేనిదే చక్రం తిరగదు.

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. బండిని ఎడ్లు లాగుతవి; చక్రం ఇరుసుమీద స్వేచ్ఛగా తిరుగుతుంది; అది ఊడిపోకుండా కడచీల ఆపితే చాలును. మోటారు కారులో చక్రమునే త్రిప్పవలెను. పైగా గతుకులమీద చక్రం ఎగిరిపడుతూ ఉంటే, ఇంజను తన చోట బిగించి ఉంటుంది. కనుక ఈ కూడిక ప్రక్కలకు వంగవలెను. కాని త్రిప్పేటప్పుడు ఏమాత్రం జారరాదు. ఈ రెండు కోరికలను ఒక్కచోట తీర్చే ప్రయత్నమే కప్లింగుల చరిత్ర.

వంగే కీలుకు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు నిలిచిపోయినది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో ప్రకటించిన గ్రంథంలో, ఖగోళ పరికరాల కోసం దీనిని వర్ణించినాడు. రెండు పంగల నడుమ శిలువ ఆకారపు ముక్క ఉంటుంది. మన మెకానిక్కులు దానిని క్రాసు అంటారు. అయితే ఇందులో ఒక లోపం ఉన్నది. మొదటి కడ్డీ నిమిషానికి 1000 చుట్లు సమవేగంతో తిరిగినా, రెండవది 30 డిగ్రీల వంపులో ఉంటే దాని వేగం ప్రతి చుట్టులోనూ రెండుసార్లు 866కు తగ్గి, రెండుసార్లు 1155కు పెరుగుతుంది. రెండు కీళ్లు వాడి, నడిమి షాఫ్టు పంగలను ఒకే తలంలో ఉంచి, రెండు వంపులనూ సమానం చేస్తే ఈ హెచ్చుతగ్గులు ఒకదానినొకటి రద్దు చేసికొంటవి.

తొలినాటి కార్లు పెక్కు గొలుసులతో నడిచినవి. 1898లో ఫ్రాన్సులో లూయీ రెనో తన చిన్నకారుకు గొలుసు మాని షాఫ్టు అమర్చినాడు. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్, కీలును మూతలో బంధించి నూనె నిలిచేటట్లు చేసి, 1903లో పేటెంటు పొందినాడు. 1926లో ఫ్రాన్సులో ట్రాక్టా కీలు రూపొందినది; సమవేగమును అందించే ఈ కీలుగల కారును గ్రెగ్వార్ 1927 లెమాన్ 24 గంటల పందెంలో నడిపి ముగించినాడు.

కీలు ఎంత మేలైనదైనా, షాఫ్టుకు దాని బిగింపు వదులైతే ప్రయోజనం లేదు. 10 కిలోవాట్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకొందాము. 20 మిల్లీమీటర్ల వ్యాసంగల షాఫ్టు అంచున సుమారు 320 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. షాఫ్టు గాడిలో ఇరికించిన కీ అనే చిన్న ఉక్కుముక్కయే దీనిని మోయవలెను. వేగం పెంచినప్పుడు ఒక దిశలో, తగ్గించినప్పుడు ఎదురు దిశలో బలం పడుతుంది. వెంట్రుకవాసి సందు ఉన్నా ప్రతిసారీ సుత్తిదెబ్బ తగిలినట్లవుతుంది, గాడి అరుగుతుంది, సందు పెరుగుతుంది. షాఫ్టు ముందుకొన ఊడి నేలను తాకితే కారు ఎగిరిపడే ప్రమాదం కూడా ఉన్నది. అందుకే పెక్కు పందెపు కార్లలో షాఫ్టు చుట్టూ ఇనుప వలయం బిగిస్తారు.

కనుక మరను ఇంకొంచెం బిగించి పంపుట మరమ్మతు కాదు. బండిని స్టాండ్లమీద నిలిపి, ఇంజను ఆపి, షాఫ్టును చేతితో అటూ ఇటూ కదిపి, వదులు క్రాసులో ఉన్నదో, గాడిలో ఉన్నదో తేల్చుకొనవలెను. విప్పేముందు పంగల స్థానమును గుర్తు పెట్టవలెను. అరిగిన కీని మార్చవలెను. గాడియే అరిగితే కప్లింగునో షాఫ్టునో మార్చవలెను. తరువాత నూనె తుడిచి, మరకు పట్టుజిగురు పూసి బిగించవలెను. 1950ల దశకంలో అమెరికా రసాయన ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ ప్రచారంలోకి తెచ్చిన ఈ జిగురు, గాలి తగలని ఇరుకులో లోహమును తాకి గట్టిపడుతుంది.

చివరగా షాఫ్టుమీదినుండి కప్లింగుమీదికి రంగుతో ఒక గీత గీయవలెను. నాలుగు చుట్లు నడిపి వచ్చి చూచినప్పుడు గీత విరిగి కనబడితే, కప్లింగు జారినదని తెలుస్తుంది. అప్పుడు కారును పందెంలోకి పంపరాదు. కారణం వెదకి మళ్లీ విప్పవలసినదే.