ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్, టెక్సస్ రాష్ట్రం: పోలికల చరిత్ర

ఫ్రిస్కో ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి ఉత్తరాన, కాలిన్, డెంటన్ కౌంటీలలో సుమారు 75 చదరపు మైళ్ల మేర విస్తరించిన ప్రభుత్వ పాఠశాలల పాలనా విభాగం. ఇది నగరపాలక సంస్థకు గాని కౌంటీకి గాని లోబడి ఉండదు. ఓటర్లు ఎన్నుకున్న ఏడుగురు ట్రస్టీల మండలి దీన్ని నడుపుతుంది. తన హద్దుల్లోని ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాల మీద ఆస్తి పన్ను విధించే అధికారం దీనికి ఉంది. ఫ్రిస్కో నగరంతో పాటు ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ పట్టణాల్లోని కొన్ని భాగాలు దీని కిందికి వస్తాయి. అదే సమయంలో ఫ్రిస్కో నగర చిరునామా ఉన్న కొన్ని కాలనీలు ప్రాస్పర్, లూయిస్‌విల్ వంటి పొరుగు డిస్ట్రిక్టులకు చెందుతాయి. పరీక్షా ఫలితాలలోను, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసేవారి శాతంలోను ఈ డిస్ట్రిక్ట్ చాలాకాలంగా టెక్సస్ సగటు కన్నా పైన నిలుస్తోంది. అయితే ఆ తేడాలో బడి సాధించినది ఎంత, ఇంటి నుంచి వచ్చినది ఎంత అన్న ప్రశ్నకు సగటు అంకె సమాధానం చెప్పదు. టెక్సస్‌లో బడుల పోలిక చరిత్ర చాలావరకు ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన చరిత్రే.

శివారు డిస్ట్రిక్టును మరొకదానితో అంకెల్లో పోల్చిన వ్యాజ్యాలలో అత్యంత ప్రసిద్ధమైనది శాన్ ఆంటోనియో నగర ప్రాంతంలో పుట్టింది. 1949 నాటి గిల్మర్-ఐకిన్ చట్టాలు ప్రతి డిస్ట్రిక్టుకూ రాష్ట్రం నుంచి కనీస నిధిని ఏర్పాటు చేసినా, ఆపై ఖర్చు స్థానిక ఆస్తి పన్ను మీదే ఆధారపడింది. 1967-68లో, ప్రధానంగా మెక్సికన్ మూలాల పేద కుటుంబాలు నివసించే ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టులో ఒక్కో విద్యార్థికి లెక్కగట్టిన ఆస్తి విలువ 5,960 డాలర్లు కాగా, సంపన్నుల నివాసమైన అలమో హైట్స్‌లో అది 49,000 డాలర్లకు పైమాటే. ఎడ్జ్‌వుడ్ ప్రజలు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టి కనీస నిధికి అదనంగా విద్యార్థికి 26 డాలర్లే కూడబెట్టగలిగారు. అలమో హైట్స్ వారు 0.85 డాలర్ల పన్నుతోనే 333 డాలర్లు రాబట్టారు. రాష్ట్ర, కేంద్ర నిధులు కలిపినా మొత్తం వరుసగా 356, 594 డాలర్ల దగ్గర నిలిచింది. ఎక్కువ పన్ను కట్టినవారి పిల్లలకే తక్కువ అందిన ఈ లెక్కను డెమెట్రియో రోడ్రిగెజ్ తదితర తల్లిదండ్రులు న్యాయస్థానం ముందుంచారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో, విద్య సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంటూ వారి వాదనను తోసిపుచ్చింది. పిల్లల భవితవ్యానికి సంబంధించి ఆ శతాబ్దంలో వెలువడిన తీర్పుల్లో ఇంతగా నిరాశపరచినవి కొద్దే.

పోరాటం అక్కడితో ఆగలేదు. సమర్థమైన ఉచిత పాఠశాలల వ్యవస్థను నెలకొల్పాలని టెక్సస్ రాష్ట్ర రాజ్యాంగం శాసనసభను ఆదేశిస్తుంది. ఆ నిబంధన ఆధారంగా వేసిన ఎడ్జ్‌వుడ్ వర్సెస్ కర్బీ వ్యాజ్యంలో 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాదుల పక్షాన నిలిచింది. అప్పటికి అత్యంత సంపన్న డిస్ట్రిక్టుకూ అత్యంత పేద డిస్ట్రిక్టుకూ విద్యార్థి తలసరి ఆస్తి విలువలో 700 రెట్ల తేడా ఉండేది. దాని ఫలితంగా 1993లో, సంపన్న డిస్ట్రిక్టుల పన్ను రాబడిలో కొంత భాగాన్ని రాష్ట్రం తీసుకుని ఇతరులకు పంచే పద్ధతి అమల్లోకి వచ్చింది. దీన్నే ప్రజలు ‘రాబిన్ హుడ్’ పథకం అంటారు.

అదే 1993లో శాసనసభ మరో వ్యవస్థకు పునాది వేసింది. పరీక్షా ఫలితాలను బట్టి ప్రతి బడికీ, ప్రతి డిస్ట్రిక్టుకూ శ్రేణి కేటాయించాలని, అందుకు మొత్తం సగటు మాత్రమే కాక నల్లజాతి, హిస్పానిక్, శ్వేతజాతి విద్యార్థుల ఫలితాలను, ఆర్థికంగా వెనుకబడిన విద్యార్థుల ఫలితాలను విడివిడిగా లెక్కించాలని నిర్ణయించింది. ఒక శివారు బడి అధిక సగటు మార్కుల చాటున తన పేద విద్యార్థుల వైఫల్యాన్ని దాచుకునే వీలు దీనితో తగ్గింది. 2002లో దేశమంతటా అమల్లోకి వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం ఈ నమూనానే చాలావరకు అనుసరించింది. పరీక్షల పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి: 1990లో టాస్, 2003లో టాక్స్, 2012లో స్టార్. రాష్ట్ర విద్యా ఏజెన్సీ ఏటా ప్రచురించే నివేదికలో రాష్ట్రం, ప్రాంతం, డిస్ట్రిక్ట్ అంకెలు పక్కపక్క వరుసల్లో ఉంటాయి కనుక, ఎవరైనా పోలికను స్వయంగా పరిశీలించుకోవచ్చు.

ఈ వ్యవస్థ రూపుదిద్దుకునే నాటికి ఫ్రిస్కో చిన్న ఊరు. 1900ల తొలి సంవత్సరాల్లో రైలుమార్గం వెంట వెలసిన ఆ ఊరి జనాభా 2000లో 33,714 ఉండగా, 2010లో 1,16,989కి, 2020లో 2,00,509కి చేరింది. డిస్ట్రిక్ట్ విద్యార్థుల సంఖ్య 2000 ప్రాంతంలో ఏడు వేల దగ్గర ఉండి, రెండు దశాబ్దాల్లో అరవై వేలు దాటింది. ఒకే ఉన్నత పాఠశాల ఉన్న చోట 2003లో సెంటెనియల్ రెండోదిగా తెరుచుకోగా, 2022లో ప్యాంథర్ క్రీక్‌తో ఆ సంఖ్య పన్నెండుకు చేరింది. పొరుగునున్న ఆలెన్ పట్టణం ఐదు వేల మందికి పైగా పిల్లలను ఒకే ఉన్నత పాఠశాలలో చదివిస్తుండగా, ఫ్రిస్కో మాత్రం ఒక్కో బడిలో రెండు వేల పైచిలుకు మందికి మించకుండా చూడాలన్న విధానాన్ని ఎంచుకుంది. ఆటల జట్టులోనో బ్యాండులోనో చోటు దొరికే పిల్లల సంఖ్య పెరగడం ఈ విధానం వల్ల కలిగిన నిజమైన మేలు. దీన్ని ఏ మార్కుల పట్టికా చూపదు.

ప్లేనో, రిచర్డ్‌సన్ పరిసరాల్లో పెరిగిన సాఫ్ట్‌వేర్, టెలికాం, బ్యాంకింగ్ ఉద్యోగాల కోసం వచ్చిన భారతీయ కుటుంబాలు ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చినవి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. టెక్సస్ విద్యార్థుల్లో సగానికి పైగా హిస్పానిక్‌లు, ఆసియా మూలాలవారు ఐదు శాతం దరిదాపుల్లో ఉండగా, ఫ్రిస్కోలో ఆసియా మూలాల విద్యార్థులే అతిపెద్ద వర్గం. ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హులైనవారిని ఆర్థికంగా వెనుకబడినవారిగా లెక్కించే పద్ధతిలో రాష్ట్రంలో వారి వాటా దాదాపు అరవై శాతం కాగా, ఫ్రిస్కోలో ఐదో వంతు కన్నా తక్కువ. మార్కుల తేడాను చదవవలసింది ఈ అంకెల పక్కన పెట్టుకునే. మంచి శ్రేణి వచ్చిన చోట ఇళ్ల ధర పెరుగుతుంది, ఆ ధర భరించగలవారే అక్కడికి చేరుతారు, వారి పిల్లలు మళ్లీ శ్రేణిని నిలబెడతారు. ఈ చక్రంలో ఉపాధ్యాయుల కృషిని విడిగా కొలవడం సులభం కాదు.

2017లో శాసనసభ ఆమోదించిన ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ వరకు అక్షర శ్రేణుల పద్ధతి ఈ ఇబ్బందిని కొంతవరకు గుర్తించింది. ఒక విద్యార్థి ఏడాదిలో ఎంత ముందుకు సాగాడన్నది, అదే స్థాయి పేదరికం ఉన్న ఇతర బడులతో పోలిస్తే ఈ బడి ఎక్కడ నిలిచిందన్నది కూడా అందులో లెక్కకు వస్తాయి. శివారు డిస్ట్రిక్టుకు రాష్ట్ర సగటు కన్నా ఇదే న్యాయమైన గీటురాయి. పేద పిల్లలతో పోలిస్తే పేద పిల్లలు, ఇంగ్లిషు కొత్తగా నేర్చుకుంటున్నవారితో పోలిస్తే అలాంటివారే ఎలా చదువుతున్నారో చూసినప్పుడే బడి పనితనం బయటపడుతుంది.

పోలిక తిరగబడే చోటు కూడా ఒకటుంది. 1997 చట్టం ప్రకారం తమ బడిలో తొలి పది శాతంలో నిలిచినవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం లభిస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం ఈ హద్దును క్రమంగా కుదించి, 2026 ప్రవేశాలకు ఐదు శాతంగా నిర్ణయించింది. అందరూ బాగా చదివే బడిలో ఆ ఐదు శాతంలో చోటు దక్కడం కష్టం కనుక, రాష్ట్ర సగటును సునాయాసంగా దాటిన విద్యార్థి తన తరగతిలో వెనుకబడినట్టు కనిపిస్తాడు. రాష్ట్రమంతటా గ్రామీణ, పేద బడులకు ద్వారం తెరిచిన ఈ చట్టం సామాజికంగా మేలైనదే. అయినా ఫ్రిస్కో వంటి చోట్ల పిల్లల మీద అది మోపే ఒత్తిడిని తేలికగా తీసుకోరాదు.

డబ్బు విషయంలో ఫ్రిస్కో స్థానం బయటివారు ఊహించేదానికి భిన్నం. బడులకు నిధులు పంచే రాష్ట్ర సూత్రం పేద విద్యార్థులకు, ఇంగ్లిషు నేర్చుకునేవారికి అదనపు బరువు కేటాయిస్తుంది కాబట్టి, అలాంటివారు తక్కువగా ఉన్న డిస్ట్రిక్టుకు తలసరి నిధులూ తక్కువే. 2019 నుంచి 2025 దాకా ఒక్కో విద్యార్థికి మూల కేటాయింపు 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోగా ధరలు మాత్రం పెరిగాయి. నిర్వహణ పన్నును నూరు డాలర్లకు 1.04 నుంచి 1.17 డాలర్లకు పెంచే ప్రతిపాదనను 2016 ఆగస్టులో ఓటర్లు తిరస్కరించడంతో కొత్త బడుల ప్రారంభం ఏడాది వెనక్కి జరిగింది. 2018లో బాండ్ల అప్పు తీర్చే పన్నును తగ్గించి, నిర్వహణ పన్నును ఆ మేరకు పెంచే ఏర్పాటుకు ఓటర్లు ఒప్పుకున్నారు. 2024 నవంబరులో మళ్లీ పెట్టిన పన్ను ప్రతిపాదన వీగిపోయింది.

2020ల తొలి సంవత్సరాల్లో విద్యార్థుల సంఖ్య శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గడం మొదలైంది. ఇళ్ల ధరలు పెరగడం వల్ల చిన్నపిల్లలున్న యువ దంపతులు మరింత ఉత్తరానికి, ప్రాస్పర్, సెలైనా వైపు వెళ్తున్నారు. 2024 డిసెంబరులో ట్రస్టీలు ఒక మిడిల్ స్కూలును మూసివేయాలని తీర్మానించారు. 2025-26 నుంచి, హద్దుల బయట నివసించే విద్యార్థులను కూడా పరిమిత సంఖ్యలో చేర్చుకునే పద్ధతిని డిస్ట్రిక్ట్ ప్రవేశపెట్టింది.