'కిరాతకంగా', 'పాశవికంగా': నంద్యాల, ఆళ్లగడ్డ సీమ నేపథ్యంలో రెండు క్రియావిశేషణాలు

ఘోరమైన నేరాన్ని వర్ణించేటప్పుడు తెలుగు వచనం సాధారణంగా ఒక నామానికి 'గా' చేర్చి క్రియావిశేషణాన్ని కల్పించుకొంటుంది. ఈ 'గా' 'అగు' ధాతువు నుంచి వచ్చినదే. 'దారుణంగా చంపారు' అన్నప్పుడు దారుణమైనది చంపడమనే పని. 'అన్యాయంగా' అన్నప్పుడు ఆ పనికి కొలత న్యాయం. 'కిరాతకంగా', 'పాశవికంగా' అన్న మాటల తీరు వేరు. ఇవి పనిని తూచవు; చేసినవానిని ఊరు దాటించి అడవిలోనో, పశువుల మందలోనో నిలబెడతాయి.

ఈ పోకడ తెలుగుకే పరిమితం కాదు. ఆంగ్లంలోని 'బార్బరస్లీ'కి మూలం గ్రీకులు తమ భాష రాని పరాయివారికి పెట్టిన పేరు. 'ఎగ్రీజియస్లీ'కి లాటిన్ మూలార్థం మందనుంచి విడిగా నిలిచినదని. అది ఒకప్పుడు ప్రశంసావాచకం కూడా. మేలు నుంచి కీడుకు ఇంత దూరం నడిచిన మాట అరుదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి మాత్రం ఇటువంటి ఆగ్రహపదాల జోలికి పోకుండా, 24, 25 సెక్షన్లలో నిజాయితీ లేకుండా, మోసపూరితంగా అనే క్రియావిశేషణాలను నిర్వచించింది. అవి నేరస్థుని జాతిని కాక ఉద్దేశాన్ని పట్టి చూస్తాయి.

అమరకోశం కిరాతులను శబర, పుళిందులతో కలిపి మ్లేచ్ఛజాతులలో లెక్కించింది. అక్కడ అది జాతినామమే తప్ప క్రౌర్యవాచకం కాదు. కావ్యపరంపరలోనైతే కిరాతుడు అర్జునుని పరీక్షించడానికి వచ్చిన సాక్షాత్తు శివుడు. శ్రీనాథుని హరవిలాసంలోనూ ఆ కథ ఉంది. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు బోయవాడు, పరమభక్తుడు. ఇంతటి గౌరవం పొందిన వేటగాని పేరు ఆధునిక వచనంలో హత్యావార్తకు విశేషణం కావడం ఆలోచించదగిన పరిణామం.

ఆళ్లగడ్డకు చేరువలోని అహోబిలంలో ఈ వైరుధ్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. హిరణ్యకశిపుని గోళ్లతో చీల్చిన ఉగ్రనరసింహుడు అక్కడ చెంచులక్ష్మిని పెండ్లాడాడు. నల్లమల చెంచులకు ఆయన చుట్టం. కనుమనాడు మొదలయ్యే పార్వేటలో స్వామి పల్లకి ఊరూరా తిరుగుతుంది. దేవునికే వియ్యమందిన అడవిజనం పేరు, కొండకింది నల్లరేగడి పొలాల్లో కక్షలతో జరిగిన హత్యలకు అంటుకొంది. ఆ హత్యలలో కత్తి పట్టినవారు, పట్టించినవారు ఎక్కువగా సేద్యపు ఊళ్లవారే.

'పాశవికం' సంగతీ అంతే. నంద్యాల పేరులోనే నంది ఉన్నాడు. చుట్టూ నవనందుల క్షేత్రాలు. శైవంలో పశువంటే పాశబద్ధుడైన జీవుడు, అనగా ప్రతి మనిషీ. ఆ అర్థంలో చూస్తే 'పాశవికంగా' అన్న నింద అన్నవానికే తగులుతుంది.

చరిత్రలో ఒక ఘట్టం ఈ పదాల పక్షపాతాన్ని బయటపెడుతుంది. 1846లో కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీ ప్రభుత్వం 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరితీసి, తలను కోటకు వేలాడదీసింది. విచారణ తరువాత, ఉత్తరువు ప్రకారం జరిగిన పని కనుక దానికి ఏ అరణ్యవాసి పేరూ అంటలేదు. తంగిరాల వెంకట సుబ్బారావు 'రేనాటి సూర్యచంద్రులు' గ్రంథం ద్వారా సాహిత్యలోకానికి చేరువైన జానపద గేయసంప్రదాయం ఆ తిరుగుబాటుదారును వీరునిగానే నిలుపుకొంది.

పత్రికాభాషకు వెలుపల, ఈ సీమ పలుకుబడిలో చావింటి మాట 'అన్యాయంగా చంపినారు'. అందులో అడవి లేదు, పశువు లేదు. చంపినవాడు ఊరివాడుగానే ఉంటాడు.