మలిగీ కిరాయి – వక్ఫు ధర్మం

బజారులో ఒక మలిగీ దొరకడమంటే ఒక కుటుంబానికి బ్రతుకుతెరువు దొరకడమే. గాజులు, అత్తరు, బట్టలు అమ్ముకొని, చిన్న హోటలు నడుపుకొని జీవించేవారు మనలో ఎందరో ఉన్నారు. సొంత కొట్టు ఉన్నవారు తక్కువ, కిరాయిదారులు ఎక్కువ. ఆ కిరాయిదారులలో పలువురు మస్జిదులకు, దర్గాలకు చెందిన వక్ఫు మలిగీలలోనే ఉన్నారు. కాబట్టి ఈ కిరాయి చరిత్ర కొంచెమైనా తెలుసుకోవడం మనకు అవసరమని తలుస్తున్నాము.

వక్ఫు అంటే ఆస్తిని అల్లాహ్ పేరిట నిలిపి, దాని రాబడిని ధర్మకార్యానికి వదిలివేయడం. అసలు అలాగే ఉండాలి, ఫలితం పదిమందికి అందాలి. అందుకే మన పెద్దలు మస్జిదు పక్కనే మలిగీలు కట్టించారు. ఆ కిరాయితో దీపం వెలగాలి, ఇమాము సాహెబుకు జీతం ముట్టాలి, యతీములకు అన్నం దొరకాలి అని వారి ఆశయం. హైదరాబాదులో పత్తర్‌గట్టి దగ్గరి మదీనా బిల్డింగు కిరాయిలను దూరాన ఉన్న మదీనా నగర పేదల కోసం వక్ఫు చేశారంటే, ఆ దాతల మనసు ఎంత విశాలమో చూడండి!

ఇక కాగితం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందంగాని వేరే చట్టంగాని లేనప్పుడు దుకాణం కిరాయి నెలవారీ కిరాయే. 15 రోజుల నోటీసుతో అది ముగిసిపోతుంది. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషను తప్పదు. 11 నెలల అగ్రిమెంటు అనే అలవాటు పుట్టింది ఇందువల్లనే. 1960లో ఆంధ్ర ప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. తగిన కారణం చూపకుండా కిరాయిదారును వెళ్లగొట్టరాదన్నది. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా మలిగీని మరొకరికి కిరాయికిస్తే ఖాళీ చేయించవచ్చని కూడా అన్నది. చిన్న వ్యాపారికి ఇది గొప్ప అండ. అయితే దీని చాటునే పగిడీ కూడా పెరిగింది. మలిగీ చేతులు మారినప్పుడల్లా వేలు, లక్షలు చేతులు మారాయి. రసీదు మీద కిరాయి మాత్రం పాతదే.

వక్ఫు మలిగీలకు ఈ జబ్బు మరీ ఎక్కువగా తగిలింది. తాతగారి పేరు మీది రసీదుతో మనుమడు కిరాయి కడతాడు. లోపల వ్యాపారం చేసేది మూడో మనిషి. అతడిచ్చే పెద్ద కిరాయి మనుమడి జేబులోకి, పాత చిల్లర మస్జిదుకు! దీనికి అడ్డుకట్టగా 1995 వక్ఫు చట్టం 3 ఏళ్లకు మించిన లీజు చెల్లదన్నది. ఏడాది దాటితే బోర్డు అనుమతి కావాలన్నది. గడువు ఇంత చిన్నదైతే పెట్టుబడి పెట్టి కట్టడం బాగుచేసేవారు ముందుకు రారని 2013 సవరణలో ఆ పరిమితిని 30 ఏళ్లకు పెంచారు. 2025లో చట్టానికి మళ్లీ పెద్ద సవరణ జరిగింది. కనుక లీజు రాసుకునే ముందు నేటి నిబంధన ఏమిటో విచారించుకోవాలి.

2006 నాటి సచార్ కమిటీ నివేదికలో లెక్కలున్నాయి. దేశంలోని వక్ఫు ఆస్తుల మార్కెటు విలువ సుమారు 1.2 లక్షల కోట్ల రూపాయలు. ఏటా వస్తున్న రాబడి సుమారు 163 కోట్లు మాత్రమే. సక్రమంగా వినియోగిస్తే 12,000 కోట్లు రావచ్చునని కమిటీ అంచనా. ఈ రెండు అంకెల నడుమనున్న తేడాలో ఎన్ని స్కాలర్‌షిప్పులు, ఎందరు వితంతువుల పింఛన్లు, ఎన్ని ఆసుపత్రి పడకలు ఉన్నాయో ఆలోచించండి.

తప్పు కిరాయిదారుది ఒక్కడిదే అనడం న్యాయం కాదు. రసీదు ఇవ్వని ముతవల్లీ ఉన్నాడు, పైకప్పు కురుస్తున్నా పట్టించుకోని కమిటీ ఉంది. ఉన్నట్టుండి కిరాయి పదింతలు చేస్తే పేద వ్యాపారి రోడ్డున పడతాడు. అది కూడా ధర్మం కాదు. కిరాయి ఎంత, ఎన్నేళ్లకు ఎంత పెంచాలి, మరమ్మతు ఎవరిది, మలిగీ ఎవరి స్వాధీనంలో ఉండాలి అన్నవి ముందే రాసుకుంటే ఇద్దరికీ క్షేమం. లావాదేవీని సాక్షులతో రాసుకోమని సూరె బఖరాలో ఆదేశమే ఉంది కదా!

వక్ఫు మలిగీలో కూర్చున్న ప్రతి సోదరుడూ తన పక్కన కనబడని భాగస్వామి ఒకరున్నారని గుర్తుంచుకోవాలి. ఆ భాగస్వామి ఒక యతీము బిడ్డ. నెల మొదట్లో ఆ బిడ్డ వాటా న్యాయంగా చెల్లించి, రసీదు అడిగి తీసుకోవలసిందిగా మా మనవి.